చైనా ప్రేమ నవలలూ, పాఠకురాళ్ళ కోపమూ

చైనా భాష నుంచి అనువాదమై వస్తున్న ప్రేమ నవలల ప్రస్తావన మన సాహిత్య సభల్లో ఎప్పుడైనా వస్తే రెండు రకాల మాటలు వినిపిస్తాయి. అవి సాహిత్యమే కావని కొందరంటారు. అవి జనాన్ని జోకొట్టే మత్తుమందని మరికొందరంటారు. మొదటి మాట అనేవారికి సాహిత్యమంటే ఏమిటో ముందే తెలుసు. రెండవ మాట అనేవారికి జనమంటే ఏమిటో ముందే తెలుసు. ఆ నవల చదివే మనిషి చదివేటప్పుడు ఏమనుకుంటున్నదో మాత్రం ఇద్దరూ విచారించినట్టు కనపడరు.

ఈ రెండు మాటల్లోనూ నిజం బొత్తిగా లేకపోలేదు. ఈ నవలల్లో చాలా భాగం చెత్త. నేను రెండేళ్ళుగా వాటిని చదువుతున్నాను గనక ఈ మాట అనే హక్కు నాకున్నది. కాని ఒక రచన చెడ్డదని తేల్చెయ్యటంతో విమర్శకుడి పని అయిపోదు. పగలంతా చాకిరీ చేసి వచ్చిన మనిషి రాత్రి నిద్ర మానుకుని ఒక పుస్తకం చదువుతున్నదంటే, ఆ నిద్ర కంటె విలువైనదేదో అందులో ఆమెకు దొరుకుతున్నదన్నమాట. అదేమిటో చెప్పలేని విమర్శ, ఎంత అభ్యుదయ పరిభాషలో ఉన్నా, సగం విమర్శే.

ఈ సందర్భంలో లూ షున్ సంగతి ఒకటి చెప్పాలి. 1930 ప్రాంతాల చైనాలో జాంగ్ హెన్‌ష్వి అనే నవలాకారుడు పత్రికల్లో సీరియల్ నవలలు రాసి అఖండమైన పేరు సంపాదించాడు. కన్నీళ్ళు, విరహాలు, విధి వైపరీత్యాలు ఆయన సరుకు. కొత్త సాహిత్యోద్యమం వారు ఆ తరహా రచనలను ఏవగించుకునేవారు. అటువంటి ఉద్యమానికి పెద్ద దిక్కయిన లూ షున్ 1934లో షాంఘై నుంచి పెకింగులో ఉన్న తన తల్లికి జాంగ్ హెన్‌ష్వి నవలలు రెండు కొని పార్సెలు చేశాడు. వాటిని తాను చదవలేదనీ, లోపల ఏమున్నదో తెలియదనీ ఉత్తరంలో రాశాడు. ఆవిడకు అవంటే ఇష్టం, ఆయన కొడుకు, పంపాడు. అందులో తప్పేమీ లేదు. కాని చైనాలో అంత సూక్ష్మదృష్టి గల మనిషి, ఆ పుస్తకాల్లో నీకేం నచ్చిందమ్మా అని తల్లిని అడిగి, ఆవిడ చెప్పిన జవాబు మనకు రాసి పెట్టి ఉంటే ఎంత బాగుండేదా అని నాకనిపిస్తుంది.

ముందు ఈ నవలలు ఎక్కడ ఎట్లా తయారవుతున్నాయో చెప్పాలి. 2002లో చైనాలో చీదియెన్ అనే ఇంటర్నెట్టు సాహిత్య సంస్థ పుట్టింది. 2003లో అది నవలను అధ్యాయాల లెక్కన అమ్మటం మొదలుపెట్టింది. మొదటి అధ్యాయాలు ఉచితం. పాఠకుడు కథలో పడ్డ తరవాత వెయ్యి అక్షరాలకు కొన్ని ఫెన్‌ల చొప్పున చెల్లించాలి. ఫెన్ అంటే యువాన్‌లో నూరోవంతు. మన పైసా వంటిది. అదే 2003లో జిన్‌జ్యాంగ్ అనే మరో సంస్థ వచ్చింది. అందులో రాసేవారూ చదివేవారూ చాలావరకు ఆడవాళ్ళే. ఇవాళ మనం చెప్పుకునే ప్రేమ నవలల్లో పేరున్నవి అనేకం అక్కడ పుట్టినవే.

ఈ పద్ధతిలో రచయితకు వచ్చే కూలి అక్షరాల లెక్కన వస్తుంది. రోజూ నాగా లేకుండా ఇన్ని వేల అక్షరాలు రాసినవారికి హాజరు బోనసు కూడా ఉన్నది. ఫ్యాక్టరీలో వాడే మాట సాహిత్యంలోకి యథాతథంగా వచ్చి కూర్చున్నది. కథ ఎందుకంత సాగుతుందో, ప్రతి అధ్యాయమూ సరిగ్గా ప్రమాదం అంచున ఎందుకాగుతుందో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు. మన వారపత్రికల సీరియల్ చివర ఉండే ‘సశేషం’ వారానికొకసారి వచ్చేది; ఇది రోజూ వస్తుంది. 2020లో చీదియెన్‌కు యజమాని అయిన చైనా లిటరేచర్ కంపెనీ తెచ్చిన ఒప్పందంలో తమ హక్కులన్నీ కంపెనీపరం అయిపోతాయని భయపడి, ఆ ఏడు మే 5న అనేకమంది రచయితలు కొత్త అధ్యాయం పెట్టకుండా నిరసన తెలిపారు. మరుసటి నెలలో కంపెనీ ఒప్పందాలను సవరించి ప్రకటించింది. ప్రేమ నవలల వెనక ఇటువంటి పోరాటం ఒకటి నడిచిందని మత్తుమందు సిద్ధాంతం చెప్పేవారు కూడా గుర్తించలేదు.

చైనా వెలుపలికి ఈ నవలలు వచ్చింది మొదట అభిమానుల చేతుల మీదుగా. 2014లో వూషియా వరల్డ్ అనే పేరుతో కత్తియుద్ధాల, మహిమల నవలల ఇంగ్లీషు అనువాదాలు మొదలైనాయి. 2017లో చైనా లిటరేచర్ తానే వెబ్‌నవల్ పేరుతో ఇంగ్లీషు శాఖ తెరిచింది. ప్రేమ నవలలను మాత్రం ఎక్కువగా ఊరూపేరూ చెప్పుకోని అనువాదకులు, జీతం లేకుండా, తమకిష్టమై తర్జుమా చేస్తూ వచ్చారు. 2021 డిసెంబరులో మో శియాంగ్ తోంగ్ శ్యూ అనే రచయిత్రి నవలలు అమెరికాలో సెవెన్ సీస్ ప్రచురణగా అచ్చయి, న్యూయార్క్ టైమ్స్ అమ్మకాల పట్టికలోకి ఎక్కేసరికి పెద్ద ప్రచురణకర్తలకు కూడా మెలకువ వచ్చింది.

నేను చెప్పబోయే పాఠకులు నలుగురు. ఒకతె మా అక్క కూతురు. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్నది. ఆమెతో ఒకే ఫ్లాటులో అద్దెకుండే స్నేహితురాళ్ళు ఇద్దరు. వారిలో ఒకతె ఆస్పత్రిలో నర్సు, రెండవ ఆమె బ్యాంకు పరీక్షలకు చదువుతున్నది. ఈ ముగ్గురూ చైనా నవలలను ఇంగ్లీషులో చదువుతారు. నాలుగో మనిషి మా అక్క. ఆవిడకు ఇంగ్లీషు రాదు. కూతురు రాత్రిపూట ఫోనులో ఆ రోజు చదివిన అధ్యాయాలు తెలుగులో చెపుతుంది. అచ్చు కాని ఈ అనువాదమే నేను విన్న అనువాదాలన్నిటిలోకీ ఉత్తమమైనది. నలుగురిని బట్టి లోకాన్ని అంచనా వెయ్యరాదని నాకు తెలుసు. కాని నలుగురితోనైనా మాట్లాడకుండా లక్షలమందిని అంచనా వేసే అలవాటు మనలో ఉన్నది గనక, నలుగురు నయమే.

మొదట నన్ను ఆకర్షించింది, ఇంగ్లీషు అనువాదకులు అడుగడుగునా వివరణలు ఇచ్చుకోవలసివచ్చే చోట్ల మా వాళ్ళు ఆగకుండా సాగిపోవటం. చైనా నవలల్లో పాత్రలకు ‘ముఖం’ పోతూ ఉంటుంది, ముఖం నిలుస్తూ ఉంటుంది. ఇంగ్లీషు పాఠకుడికి దీనికొక వివరణ కావాలి. “ఏ మొహం పెట్టుకుని పుట్టింటికి పోతుంది?” అని మా అక్క సహజంగా అనేసింది. అన్నగారిని, తమ్ముణ్ణి, వదినెను, మరదలిని, పెదనాన్నను, చిన్నాన్నను విడివిడిగా పిలిచే ఆ భాష ఇంగ్లీషులో పడి అందరూ ‘అంకుల్‌’లూ ‘సిస్టర్‌’లూ అయి, మా అక్క చెవిలో పడేసరికి మళ్ళీ ఎవరి స్థానంలోకి వారు వచ్చేస్తారు.

మేనరికం సంగతి మరీ చెప్పుకోదగ్గది. పాతకాలపు చైనాలో తండ్రి అన్నదమ్ముల పిల్లలకు ఒక మాట, మేనత్త, మేనమామ, పినతల్లి పిల్లలకు మరో మాట. మొదటివారిది ఒకే ఇంటిపేరు గనక వారిమధ్య పెళ్ళి లేదు. రెండవ వారిని చేసుకోవచ్చు. 1980 వివాహ చట్టం దీన్నంతటినీ నిషేధించింది. ఇంగ్లీషులో ఇద్దరూ ‘కజిన్‌’లే గనక అక్కడి పాఠకులు హడలిపోతారు. పద్దెనిమిదో శతాబ్దపు ‘ఎర్రమేడ కల’ కథ మా అక్కకు చెప్పగా, నాయకుడికి మేనత్త కూతురు దైయూ మీద ప్రేమ అన్నంత వరకూ ఆవిడ తల ఊపుతూ విన్నది. చివరికతనికి పినతల్లి కూతురిని కట్టబెట్టారనేసరికి, “పిన్ని కూతుర్నా! చెల్లెలు కాదూ!” అని చెవులు మూసుకున్నది. ప్రేమలో ఏది సహజమో ఏది కాదో ప్రతి సమాజమూ తన కొలతతోనే కొలుస్తుందనటానికి ఇంతకంటె ఉదాహరణ అక్కర్లేదు. చైనా నుంచి నేరుగా తెలుగులోకి వచ్చే అనువాదానికి సగం వివరణలు అవసరమే ఉండవు. శరత్‌బాబును తెలుగువాడనే అనుకుని ఏడ్చిన పాఠకులున్న భాష మనది.

ఇక నవలల సంగతి. గూ మాన్ అనే రచయిత్రి రాసిన షాన్‌షాన్ కథ చైనాలో చాలా ప్రసిద్ధి. 2014లో టెలివిజన్ నాటకంగా కూడా వచ్చింది. షాన్‌షాన్ సామాన్యమైన పిల్ల. పెద్ద కంపెనీలో ఉద్యోగం వస్తుంది. తనకెందుకు వచ్చిందో ఆమెకే తెలియదు. యజమాని ఫెంగ్ తెంగ్ చెల్లెలిది అరుదైన రక్తం, షాన్‌షాన్‌దీ అదే. చెల్లెలి పురుటి సమయంలో రక్తం కావలసివస్తే దగ్గర ఉంటుందని ఉద్యోగం ఇచ్చారు. రక్తం ఇచ్చిన తరవాత ఆమెకు యజమాని ఇంటినుంచి రోజూ లివరు కూరతో భోజనం డబ్బా వస్తుంది. ఆ డబ్బా నుంచి ప్రేమ మొదలవుతుంది.

కూలివాడి రక్తం పీల్చే యజమాని అని మనం ఉపమానంగా చెప్పే మాట ఇక్కడ అక్షరాలా కథావస్తువు. రచయిత్రికి ఇందులో హాస్యం తప్ప మరేమీ కనిపించలేదు. కాని పాఠకురాళ్ళకు కనిపించింది. నర్సుగా పనిచేసే ఆ అమ్మాయి మొదటి రోజునే, “ఆడవాళ్ళు ఒకసారి రక్తం ఇస్తే నాలుగు నెలలదాకా మళ్ళీ ఇవ్వకూడదండీ. అసలు కారణం చెప్పకుండా ఉద్యోగంలోకి తీసుకోవటమే మోసం. లివరు కూరెందుకు, ఐరన్ మాత్రలు రాసిస్తే పోయేది” అన్నది. అట్లా అని ఆమె నవల మానెయ్యలేదు. రెండు రాత్రుల్లో పూర్తిచేసింది. మా అక్కను అడిగితే, “తిన్నదా లేదా అని కనుక్కునే మొగాడెక్కడున్నాడురా? ఉన్నట్టు రాశారు, బాగానే ఉంది” అన్నది. మా మేనకోడలు మాత్రం, “నాకా యజమానీ వద్దు, డబ్బా వద్దు మామయ్యా. ఏడింటికి ఇంటికి పంపే యజమాని ఉంటే చాలు” అన్నది.

ఈ మూడు అభిప్రాయాల్లోనూ మూడు లోట్లున్నాయి. ఒకరికి పనిచోట నిజాయితీ లేదు. ఒకరికి జీవితమంతా వండిపెట్టినా, నువ్వు తిన్నావా అని అడిగినవారు లేరు. ఒకరికి సాయంకాలం లేదు. చైనాలో ఇదే కథ చదివే అమ్మాయిలకు కూడా ఆ సాయంకాలం లేదు. ఉదయం తొమ్మిదింటినుంచి రాత్రి తొమ్మిదింటిదాకా, వారానికి ఆరు రోజులు పనిచేయించే పద్ధతి మీద అక్కడి ప్రోగ్రామర్లు 2019 మార్చిలో ఇంటర్నెట్టులో నిరసన లేవదీశారు. 2021 ఆగస్టులో చైనా సుప్రీం కోర్టు అటువంటి పద్ధతి చట్టవిరుద్ధమన్నది. పన్నెండు గంటలు పనిచేసి వచ్చిన మనిషికి, తనచేత పనిచేయించేవాడు తన ఆకలి గమనించినట్టు ఊహించుకోవటం హాయిగా ఉంటుంది. ఆ హాయిని మనం అబద్ధమనవచ్చు. దాని వెనక ఉన్న ఆకలి అబద్ధం కాదు.

ఈ ఇతివృత్తం మనకు కొత్తదా? యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ మా అక్క పెళ్ళినాటికి ఇంటింటా ఉన్నది. 1976లో సినిమా కూడా అయింది. అందులో రాజశేఖరం ఒక తరం ఆడపిల్లల మాటల్లోకి సామెతలాగా వెళ్ళాడు. అప్పటి విమర్శకులు ఆ నవలలను పగటికలలన్నారు, ఆ మాట తప్పు కాదు. కాని జీతం తెచ్చుకునే ఆడపిల్ల కథానాయిక కావటం ఆ పాఠకురాళ్ళకు ఎందుకంత ముఖ్యమైందో, రాజశేఖరం కంటె జయంతి ఆత్మాభిమానాన్ని వారెంత జాగ్రత్తగా గుర్తుపెట్టుకున్నారో ఎవరూ వారిని అడగలేదు. మా అక్క ఇప్పటికీ ఆ నవలలో కారు రంగు చెప్పలేదు గాని, జయంతి ఏయే చోట్ల తల వంచలేదో వరసగా చెపుతుంది.

పాఠకురాళ్ళ ఆగ్రహం నవలల రూపాన్నే మార్చిన సందర్భం ఒకటున్నది. బలవంతంగా చెయ్యి పట్టుకునే, అవమానించే, అనుమానించే కోటీశ్వరుడు ఈ నవలల్లో పాత నాయకుడు. చివరి పుటలో అతని కన్నీటి చుక్క చూసి నాయిక క్షమించేసేది. చైనా పాఠకురాళ్ళకు ఈ క్షమ మింగుడుపడలేదు. పెళ్ళాన్ని ఏడిపించినవాడు ఆమె వెళ్ళిపోయాక వెంటబడి కాలిపోవాలనే అర్థంలో, ఆ తరహా కథకు ‘పెళ్ళాన్ని వెంటాడే శ్మశానవాటిక’ అని పేరుపెట్టారు. ఇప్పుడది ఒక శాఖగా స్థిరపడింది. ఆ పేరు చూసే పాఠకులు నవల వెతుక్కుంటారు. అతను ఎన్ని అధ్యాయాలు కాలాడో లెక్కపెట్టి, చాలదని రచయిత్రితో తగాదా వేసుకుంటారు. మా మేనకోడలు గదిలో ఒక నవల చివర వారం రోజులు చర్చ జరిగింది. “మూడేళ్ళు ఏడిపించి మూడు వారాలు బతిమాలితే సరిపోతుందా?” అని బ్యాంకు పరీక్షలమ్మాయి అడిగింది. సంసారంలో ఆడదాని కన్నీటికి పరిహారం ఎంత అన్న ప్రశ్న ఇంత గట్టిగా వేసిన విమర్శ వ్యాసం నేనీ మధ్య చదవలేదు.

ఇప్పుడు అసలు వివాదానికి వస్తాను. గ్వాన్‌షిన్ జెలువాన్ అనే కలం పేరుతో ఒకామె 2010లో జిన్‌జ్యాంగ్‌లో మింగ్‌లాన్ కథ మొదలుపెట్టింది. 2018 డిసెంబరులో అది టెలివిజన్ నాటకమై చైనా వెలుపల కూడా ప్రచారం పొందింది. నవలలో నాయిక ఈ కాలపు మనిషి, కోర్టులో గుమాస్తా. మట్టిచరియ విరిగిపడి చనిపోయి, కళ్ళు తెరిచేసరికి వెనకటి రాచరికపు కాలంలో, ఒక అధికారి ఇంట్లో, ఉంపుడుభార్య కడుపున పుట్టిన ఆరేళ్ళ పిల్ల అయి ఉంటుంది. టెలివిజన్‌లో ఈ పునర్జన్మను తీసేశారు; నా ఉద్దేశంలో కథకు ప్రాణమే తీసేశారు. ఎందుకంటే, ఉంపుడుభార్యలను చైనా చట్టం 1950లో నిషేధించింది. ఆ చట్టం నీడలో పెరిగి, కోర్టులో పనిచేసిన మనిషిని రచయిత్రి మళ్ళీ తీసుకుపోయి ఆ ఇంట్లోనే పడేసింది. ఆమె అక్కడ తిరగబడదు. నోరు మూసుకుని ఇంటి నియమాలు నేర్చుకుంటుంది. ఎవరికెంత భూమి, ఎవరి సారె ఎంత, ఏ కాగితం ఎవరి పెట్టెలో ఉన్నది గమనిస్తుంది. మొదట సంబంధం కుదరబోయిన మంచి వైద్యుడు, దిక్కులేని మరదలిని కూడా ఇంట్లో పెట్టుకోవలసి వస్తుందేమోనని తటపటాయిస్తే, అతన్ని వదులుకుంటుంది.

సరిగ్గా ఇటువంటి ఇంటి మీదనే బా జిన్ తన ‘కుటుంబం’ నవల రాశాడు. 1931లో అది షాంఘై పత్రికలో సీరియల్‌గా మొదలైంది. ముసలివాడికి ఉంపుడుభార్యగా పొమ్మంటే ఆ ఇంటి దాసీపిల్ల చెరువులో పడి చనిపోతుంది. చిన్నకొడుకు ఇల్లు విడిచిపోతాడు. ఆ తరానికి ఇల్లు విడిచిపోవటమే విముక్తి. ఎనభై ఏళ్ళు గడిచాక, స్వేచ్ఛ ఎరిగిన నాయిక తిరిగి ఆ గడపలోకే వెళ్ళి సర్దుకుపోవటం ఏమిటి? దీన్ని తిరోగమనం అనటానికి మనకు నిమిషం పట్టదు. బ్యాంకు పరీక్షలమ్మాయి కూడా అదే అన్నది: “అన్నీ తెలిసిన మనిషి ఇట్లా తల వంచుకుని బతకటం చూస్తే నాకు ఊపిరాడటం లేదు.”

మా మేనకోడలు ఒప్పుకోలేదు. “బయటికి పోయి ఎక్కడుంటుంది? ఆమె పేర సెంటు భూమి లేదు” అన్నది. ఆమెకు తెలియకుండానే లూ షున్ వాదం చెప్పింది. 1923 డిసెంబరు 26న లూ షున్ పెకింగు మహిళా నార్మల్ కళాశాలలో మాట్లాడుతూ, ఇబ్సెన్ నోరా తలుపు వేసుకుని వెళ్ళాక ఏమై ఉంటుందని ప్రశ్న వేశాడు. చేతిలో డబ్బు లేకపోతే ఆమె చెడిపోవాలి, లేదా తిరిగి రావాలి అన్నాడు. మింగ్‌లాన్ తిరిగి వచ్చిన నోరా. తిరిగి వచ్చి, ఈసారి తాళంచెవులు తన కొంగున కట్టుకోవాలని చూస్తున్నది.

నవల రోజురోజుకూ వెలువడుతున్న కాలంలోనే, 2011 ఆగస్టులో, చైనా సుప్రీం కోర్టు వివాహ చట్టానికి కొత్త వ్యాఖ్యానం ప్రకటించింది. పెళ్ళికి ముందు ఒకరు మొదటి వాయిదా కట్టి తమ పేర రిజిస్టరు చేయించుకున్న ఇల్లు, విడాకులప్పుడు ప్రధానంగా ఆ పేరుగలవారికే చెందుతుందన్నది దాని సారాంశం. పెళ్ళికి ఇల్లు మగవాడు కొనాలనే ఆచారం ఉన్న దేశంలో దీని బరువు ఎవరిమీద పడుతుందో వేరే చెప్పక్కర్లేదు. నాయిక భూముల లెక్క చూసుకునే అధ్యాయాలను ఆ పాఠకురాళ్ళు ఎందుకంత శ్రద్ధగా చదివారో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఇది చైనా గొడవే అనుకోనక్కర్లేదు. నిరుడు మా మేనకోడలికి ఒక సంబంధం వచ్చింది. కుర్రవాడు మంచివాడే. ఫ్లాటు కొన్నాడు. రిజిస్ట్రేషను అతని పేర ఉన్నది, పెళ్ళయ్యాక నెలవాయిదా ఇద్దరి జీతాల్లోంచీ కట్టుకోవాలని మాట. మా అక్కతో సహా పెద్దవాళ్ళెవరికీ ఇందులో వింత కనపడలేదు. ఆ పిల్ల అందరి ముందూ, “వాయిదాలో సగం నాదైతే కాగితంలో సగం ఎవరిది?” అని అడిగింది. అవతలివాళ్ళు ఆ రోజుకు నవ్వేశారు, తరవాత మాట ముందుకు సాగలేదు. ఆ సాయంత్రం ఆమె నాతో, “మింగ్‌లాన్ అయితే ఇంత మొరటుగా అడిగేది కాదు మామయ్యా. కాని తప్పకుండా అడిగేది” అన్నది. మన రాష్ట్రంలో ఆడపిల్లకు పిత్రార్జితంలో కొడుకుతో సమానమైన హక్కు 1985లోనే వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. వరకట్న నిషేధం 1961 నాటిది. మేమెవరమూ ఆ చట్టాలు ఆమెకు చదివి వినిపించలేదు. కాగితం అడగాలనే బుద్ధి ఆమెకు ఒక చైనా ప్రేమ నవల వల్ల కలిగింది. పలాయనవాద సాహిత్యం మనిషిని ఎటు పారిపోయేట్టు చేస్తుందో ముందుగా చెప్పటం అంత సులభం కాదు.

అయితే ఈ నవలల మీద నా ఫిర్యాదు కూడా ఇక్కడే ఉన్నది. కథలో మింగ్‌లాన్ భర్త గూ తింగ్‌యెకు పెళ్ళికి పూర్వం మాన్నియాంగ్ అనే ఉంపుడుగత్తె ఉన్నది, పిల్లలున్నారు. ఆమె కోరినది భార్య స్థానం. దానికోసం చెయ్యరాని పనులన్నీ చేస్తుంది. పాఠకురాళ్ళు మగవాడి తప్పులకు లెక్కలు కట్టి క్షమించారు గాని, ఈమెను మాత్రం నిలువునా దహించారు. ఇటువంటి ఆడదాన్ని తిట్టటానికి చైనా పాఠకులకు ‘తెల్ల తామర’ అనే మాట ఉన్నది. పైకి స్వచ్ఛం, అడుగున బురద అని. ఇంగ్లీషు అనువాదాల ద్వారా ఆ తిట్టు మా వాళ్ళ నోటికి కూడా వచ్చింది. వేలకొద్దీ అధ్యాయాల్లో ఆడది ఆడదానికి విషం పెడుతుంది, ఆడది ఆడదాని గర్భం పోగొడుతుంది, మగవాడు బయటినుంచి వచ్చి ఏం జరిగిందని అడుగుతాడు. ఇల్లు అనే యంత్రం ఇద్దరినీ నలుపుతున్నదన్న సంగతి బా జిన్ పాఠకుడికి తెలిసేది. ఇక్కడ యంత్రం కనపడదు. పోటీదారు మాత్రమే కనపడుతుంది.

ఈ మాట నేను వారితో అన్నాను. నర్సు అమ్మాయి కొంచెం ఆలోచించి, “ఆమె చేసే పనులకు ఆమెను అసహ్యించుకోక తప్పదండీ. కాని రచయిత్రి ఆమెకు అటువంటి పనులే ఇచ్చింది. ఒక్క మంచిపని చెయ్యనిస్తే మేం ఏం చేసేవాళ్ళమో” అన్నది. ఇది మంచి విమర్శ. పాఠకుడి ద్వేషం పాఠకుడి స్వభావం నుంచి మాత్రమే రాదు, రచన అతనికి ఏ దారులు తెరిచి ఉంచిందో దాన్నిబట్టి వస్తుంది. రోజుకు ఇన్ని వేల అక్షరాలు రాయవలసిన రచయిత్రికి, వ్యవస్థను చూపించటం కంటె ఒక దుష్టురాలిని చూపించటం తేలిక. పాఠకురాలి కోపం న్యాయమైనది. దానికి అంగట్లో దొరికే బొమ్మ తప్పుడుది. కోపం ఆ బొమ్మమీద ఖర్చయిపోతుంది, మర్నాడు మరో అధ్యాయం అమ్ముడుపోతుంది.

అంచేత, ఈ నవలలను నిషేధించాలనో నెత్తిన పెట్టుకోవాలనో నేననటం లేదు. వాటి చుట్టూ జరుగుతున్న వాదాన్ని వినమంటున్నాను. పరిహారం లేని క్షమ వద్దని, కాగితం లేని కాపురం వద్దని, కారణం చెప్పని ఉద్యోగం వద్దని ఈ పాఠకురాళ్ళు అంటున్నారు. వీటిలో ఏదీ మనకు పరాయి నినాదం కాదు. మన సభల్లో ఇంతకంటె బరువైన మాటల్లో ఇవే చెప్పుకుంటున్నాం, వినేవారు లేరని బాధపడుతున్నాం. వినవలసినవారు వేరేచోట కూర్చుని, మరో దేశపు కథ పట్టుకుని ఇదే మాట్లాడుకుంటున్నారు.

చైనా తెలిసిన తెలుగువాళ్ళు ఈ నవలల్లో మంచివాటిని నేరుగా తెలుగు చేస్తే మా అక్క వంటివారు స్వయంగా చదువుకుంటారు. ‘కుటుంబం’, మింగ్‌లాన్ కథ పక్కపక్కన దొరికితే మరీ మేలు. ఎనభై ఏళ్ళలో ఏది మారిందో ఏది మారలేదో పాఠకులే తేల్చుకుంటారు. ఇక మన రచయితల విషయం. మింగ్‌లాన్ తన ఒక్కదాని కాగితం తాను సంపాదించుకున్నది. అదే ఇంట్లో మాన్నియాంగ్‌కూ, వంటింటి దాసీకీ కాగితం లేదన్న సంగతి కూడా చూడగలిగిన నాయిక, రాత్రి పదకొండింటికి అలిసిపోయి పడుకోబోయే మనిషిని మేలుకొలిపి చదివించే కథలో రావాలి. ఆ నలుగురికీ నేను చూపించదగిన అటువంటి తెలుగు నవల ఏదని మా మేనకోడలు అడుగుతున్నది. ఆ ప్రశ్న ఈ పత్రిక చదివే రచయితలకు అందజేస్తున్నాను.